ఇంటికి టార్చిలైటు ఎలా ఎంచుకోవాలి: ముందు సెల్లు చూడండి, తర్వాతే వెలుగు

వానాకాలం మొదలైతే చాలు, ‘ఇంట్లోకి మంచి టార్చిలైటు ఏది కొనమంటారు?’ అని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. ఒక మోడల్ పేరు చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఆర్నెల్లు తిరిగేసరికి ఆ మోడల్ దుకాణంలో ఉండదు. పైగా అడిగినవాళ్ల ఇళ్లలో చాలావరకు ఇప్పటికే రెండు మూడు టార్చిలు ఉంటాయి. ఒకదాంట్లో సెల్లు కారిపోయి ఉంటాయి, ఇంకోటి ఛార్జింగ్ ఎక్కదు, మూడోది కొట్టి కొట్టి వెలిగించాలి. అంటే వాళ్లకు వచ్చిన చిక్కు వెలుగు చాలకపోవడం కాదు, అవసరమైన రాత్రి అది అసలు వెలగకపోవడం.

ఇంటి టార్చి ఏడాది మొత్తం మీద పనిచేసేది కొన్ని గంటలే. మిగతా కాలమంతా సొరుగులోనో, ఫ్రిజ్ మీదో పడి ఉంటుంది. అన్ని నెలలు పడి ఉండి కూడా స్విచ్ నొక్కగానే వెలిగేదే మంచి టార్చి. కింద చెప్పేదంతా ఆ లెక్కతోనే.

‘ఫోన్‌లో లైటు ఉందిగా’ అనేవాళ్లకు ఒక మాట. కింద పడిన తాళం చెవి వెతకడానికి ఫోన్ చాలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు చాలా ప్రాంతాల్లో రోజుల తరబడి కరెంటు లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలు మునిగినప్పుడు కూడా అదే పరిస్థితి. అలాంటి రోజుల్లో ఫోన్ ఛార్జింగ్‌ను మాట్లాడటానికి దాచుకోవాలి, బాత్రూమ్‌కి దారి చూసుకోవడానికి ఖర్చు చేయకూడదు. పైగా ఫోన్ లైటు నాలుగడుగులు దాటితే పలచబడిపోతుంది. వానలో చేత్తో పట్టుకుని పెరట్లోకి వెళ్లలేం.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

- ఒక కాగితం, పెన్ను
- ఇంట్లో ఉన్న పాత టార్చిలన్నీ (ఏది ఎందుకు పాడైందో చూడటానికి)
- ఇంట్లో ఇప్పటికే వాడుతున్న సెల్లు, ఛార్జర్లు ఏ రకమో ఒక జాబితా
- ఫోన్‌లో బీఐఎస్ కేర్ యాప్ (వస్తువుల నాణ్యతా ప్రమాణాలు చూసే ప్రభుత్వ సంస్థ బీఐఎస్‌ది)
- ఒక వార్తాపత్రిక (ఇంటికొచ్చాక పరీక్షకు)

డబ్బు సంగతి: పెన్సిల్ సెల్లతో నడిచే సాదా ఎల్ఈడీ టార్చి రెండు మూడు వందల్లో వస్తుంది. బ్యాటరీ మార్చుకునే వీలున్న మంచి లిథియం టార్చికి సుమారు వెయ్యి నుంచి రెండు వేల దాకా పెట్టాలి. అంతకు మించి పెట్టడం సరదా, అవసరం కాదు.

1. ఏ పనికో రాసుకోండి

‘ఇంట్లోకి’ అంటే సరిపోదు. ఎవరు వాడతారు, ఎక్కడ వాడతారు అన్నది రాయండి. హైదరాబాద్‌లో జనరేటర్ ఉన్న అపార్ట్‌మెంటు వాళ్లకు మీటరు బోర్డు, సింక్ కింద పైపు, మంచం కింద, అటక మీద చూసుకోవడానికి చిన్నది చాలు. పెరడు, పశువుల కొట్టం, బావి దగ్గర మోటారు ఉన్న ఊరి ఇంటికి దూరం వెళ్లే వెలుగు కావాలి. నడవలేని పెద్దవాళ్లు ఉంటే రాత్రి లేచినప్పుడు తడిమితే చేతికి దొరికేది, గట్టిగా నొక్కక్కర్లేనిది కావాలి.

ఊళ్లో ఉన్నవాళ్లు ఇంకొకటి కూడా రాసుకోండి: పాములు. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో ఏడాదికి సగటున 58 వేల మంది చనిపోయారని 2020లో వచ్చిన ఒక అధ్యయనం అంచనా వేసింది. అందులో ఎక్కువ మరణాలు నమోదైన ఎనిమిది రాష్ట్రాల్లో తెలంగాణతో కలిపి లెక్కేసిన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా కాట్లు ఎక్కువ. కట్లపాము తిరిగేది రాత్రిపూటే. ఎండుటాకుల మధ్య చుట్టుకున్న రక్తపింజరి మసక వెలుగులో కనబడదు. గడప దాటాక కాలు పెట్టే చోటల్లా వెలుగు పడాలి. దీనికి దూరం వెళ్లే సన్నని కిరణం పనికిరాదు, పాదాల చుట్టూ విశాలంగా పడే వెలుగు కావాలి.

ఈ జాబితా చూశాక రెండు వేర్వేరు పనులు కనబడితే రెండు టార్చిలు కొనండి. అన్నీ చేసే ఒకే ఖరీదైన టార్చి కన్నా, మామూలువి రెండు ఉండటం మేలు. ఒకటి వంటింట్లో, ఒకటి పడకగదిలో.

2. సెల్లు తేల్చుకోండి

అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే. దుకాణంలో చాలామంది చేసేది దీనికి తలకిందులు: ముందు వెలిగించి చూసి ‘అబ్బ, ఎంత వెలుగో’ అనుకుని, ఏ బ్యాటరీ అన్నది ఇంటికొచ్చాక చూస్తారు.

*పెన్సిల్ సెల్లు, అంటే డబుల్ ఏ.* గోడ గడియారంలో వేసేది ఇదే. ఏ ఊరి కిరాణా కొట్లోనైనా దొరుకుతుంది. తుపాను వచ్చి మూడు రోజులు కరెంటు లేకపోయినా కొత్తవి వేసుకుని నడిపించవచ్చు. ఇంటికి ఒకే ఒక్క టార్చి కొనేవాళ్లకు నేను చెప్పేది రెండు డబుల్ ఏ సెల్లు పట్టే ఎల్ఈడీ టార్చి. ఇందులో మామూలు జింక్ కార్బన్ సెల్లు చవక, కానీ బలం తక్కువ, కారే గుణం ఎక్కువ. ఆల్కలైన్ సెల్లు ఎక్కువసేపు నడుస్తాయి, కానీ ఏళ్ల తరబడి అలాగే వదిలేస్తే అవీ కారతాయి. మళ్లీ మళ్లీ ఛార్జ్ చేసుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లు నాలుగు, వాటి ఛార్జర్ ఒకసారి కొనుక్కుంటే రోజూ వాడే టార్చికి అదే లాభం. వాటిలో ‘లో సెల్ఫ్ డిశ్చార్జ్’ అని రాసి ఉన్నవే కొనండి. మామూలువి పక్కన పెడితే కొన్ని నెలల్లోనే ఖాళీ అయిపోతాయి. ‘లో సెల్ఫ్ డిశ్చార్జ్’వి ఏడాది తర్వాత కూడా చాలా భాగం ఛార్జ్ నిలబెట్టుకుంటాయి.

*ట్రిపుల్ ఏ.* ఎక్కువ టీవీ రిమోట్లలో వేసే సన్న సెల్లు. వీటిని మూడింటిని ఒక ప్లాస్టిక్ గూట్లో పెట్టి లోపలికి తోసే టార్చిలు బోలెడు ఉన్నాయి. ఆ గూడు వదులవుతుంది, ఒక సెల్లు తిరగబడుతుంది, వెలుగు మిణుకుతుంది. ఈ రకం వదిలేయడమే మంచిది. ఒకే ట్రిపుల్ ఏ సెల్లుతో నడిచే పెన్ను టార్చి మాత్రం జేబుకి బాగానే పనికొస్తుంది.

*పెద్ద సెల్లు.* తాతయ్యల కాలం ఇత్తడి టార్చిలో వేసేవి. బరువు ఎక్కువే అయినా ఎల్ఈడీ టార్చిలో వేస్తే చాలా రోజులు నడుస్తాయి. ఇంట్లో పాత టార్చి ఒంటికి దెబ్బ తగలకుండా ఉంటే పారేయకండి. ఆ పాత బల్బు స్థానంలో పెట్టే ఎల్ఈడీ బల్బు దొరుకుతుంది. ఎన్ని సెల్ల టార్చో చెప్పి, ఆ వోల్టేజీకి సరిపడేది అడగండి.

*లిథియం, 18650 రకం.* 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది కాబట్టి ఆ అంకె. వెలుగు బలంగా కావాలంటే, తరచూ వాడేటట్టయితే ఇదే మేలు. టైప్-సి కేబుల్‌తో ఛార్జ్ అవుతుంది. ఇక్కడ అడగాల్సిన ప్రశ్న ఒకటే: ‘అన్నా, దీంట్లో బ్యాటరీ బయటికి తీసి మార్చుకోవచ్చా?’ కాదంటే రెండు మూడేళ్లకు ఆ టార్చి మొత్తం చెత్తలోకే.

ఈ రకంలో మోసం ఎక్కువ. నిజమైన 18650 సెల్లు సామర్థ్యం సుమారు 2000 నుంచి 3500 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ అవర్లు, సెల్లులో ఎంత ఛార్జ్ పడుతుందో చెప్పే కొలత) మధ్య ఉంటుంది. సెల్లు మీద 6800, 9900 అని అచ్చేసి ఉంటే అది అబద్ధం, ఆ టార్చి అక్కడే పెట్టేసి రండి. లిథియం సెల్లు మన దేశంలో అమ్మాలంటే బీఐఎస్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. బ్యాటరీ మీద ‘ఆర్-’ అని మొదలయ్యే నంబరు ఉంటుంది. దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే తయారీదారు పేరు వస్తుంది. పేరు, వస్తువు సరిపోలకపోతే వద్దు.

*గోడ ప్లగ్గులో గుచ్చే ఛార్జింగ్ టార్చి.* పక్కనుంచి లాగితే రెండు పిన్నులు బయటికొచ్చే రకం. మన ఊళ్లలో అన్నిటికన్నా ఎక్కువగా అమ్ముడుపోయేది ఇదే అనిపిస్తుంది. చాలావాటిలో లోపల 4 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉంటుంది. దాన్ని ఖాళీ చేసి నెలల తరబడి వదిలేస్తే మళ్లీ ఛార్జ్ ఎక్కదు. పాత టార్చిలు తీసి చూడమన్నది ఇందుకే. ‘ఛార్జింగ్ ఎక్కట్లేదు’ అన్నవాటిలో ఎక్కువ భాగం ఇలా పోయినవే. ఇప్పటికే ఇది మీ ఇంట్లో ఉంటే, వాడినా వాడకపోయినా నెలా రెండు నెలలకొకసారి ఛార్జ్ చేయండి.

జాగ్రత్త: ఈ రకంలో చవకవాటికి లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. ఒక కెపాసిటర్, నాలుగు డయోడ్లతో 230 వోల్టులను తగ్గించేస్తారు. ప్లగ్గులో ఉన్నంతసేపూ లోపలి తీగలకు, ఎల్ఈడీ కాళ్లకు ఇంటి కరెంటుతో నేరుగా సంబంధం ఉంటుంది. గ్లాసు పగిలినా, మూత ఊడినా ప్లగ్గులో పెట్టకండి. ఛార్జింగ్‌లో ఉండగా తడిచేత్తో ముట్టుకోకండి, స్విచ్ వేయకండి, పిల్లలకు అందే ప్లగ్గులో అసలు పెట్టకండి. కొత్తగా కొనేవాళ్లకైతే ఈ రకం వద్దనే చెబుతాను.

ఇంకో జాగ్రత్త: 14500 అనే లిథియం సెల్లు చూడటానికి అచ్చం డబుల్ ఏ లాగే ఉంటుంది, గూట్లో సరిగ్గా పడుతుంది. కానీ అది 3.7 వోల్టులు, పెన్సిల్ సెల్లు 1.5 మాత్రమే. దానికి పనికొస్తుందని టార్చి మీద రాసి ఉంటే తప్ప వేయకండి, ఎల్ఈడీ మాడిపోతుంది.

3. ఎంత వెలుగు కావాలో లెక్కేయండి

వెలుగును ల్యూమెన్లలో కొలుస్తారు. వాట్లు చూసి కొనకండి, అది ఖర్చయ్యే కరెంటు లెక్క.

రాత్రి బాత్రూమ్‌కి వెళ్లడానికి 5 నుంచి 20 ల్యూమెన్లు చాలు. నిజానికి అంతకన్నా ఎక్కువైతే కళ్లు బైర్లు కమ్మి, లైటు ఆపాక ఏమీ కనబడదు. గదిలో పనులకు 50 నుంచి 100. పెరడు, మేడ, చీకటి వీధికి 150 నుంచి 300. పొలం గట్టు మీద నడిచేవాళ్లకు 300 నుంచి 500 ఉంటే నిశ్చింత. ఇంటి వాడకానికి వెయ్యి దాటక్కర్లేదు.

పెట్టె మీద 10,000 ల్యూమెన్లు అని ఉంటే నమ్మాలా వద్దా అన్నది ఇంట్లోనే తేల్చవచ్చు. మంచి ఎల్ఈడీ టార్చి ఒక వాటుకు సుమారు 100 ల్యూమెన్లు ఇస్తుందనుకోండి. 2500 ఎంఏహెచ్, అంటే 2.5 ఆంపియర్ అవర్లు ఉన్న ఒక 18650 సెల్లులో దాగిన శక్తి, 2.5ని సెల్లు వోల్టేజీ 3.6తో గుణిస్తే 9 వాట్ అవర్లు (9 వాట్లు ఒక గంట పాటు). అంటే 900 ల్యూమెన్లు ఒక గంట, లేదా 90 ల్యూమెన్లు పది గంటలు. అంతకు మించి రాదు. రెండు ఛార్జబుల్ పెన్సిల్ సెల్లు కలిపితే సుమారు 5 వాట్ అవర్లే. 100 ల్యూమెన్లతో నాలుగైదు గంటలు వస్తే బాగా నడిచినట్టు. ఈ లెక్క వచ్చాక, అరచేతిలో ఇమిడే టార్చి మీద ‘10,000 ల్యూమెన్లు, 20 గంటలు’ అని చూస్తే నవ్వొస్తుంది.

పెట్టె మీద నిజాయితీగా రాసిన అంకెలను కూడా ఒక షరతుతో చదవాలి. ‘20 గంటలు’ అన్నది చాలాసార్లు అన్నిటికన్నా చిన్న వెలుగులో. పెద్ద వెలుగులో ఎన్ని గంటలో విడిగా రాశారా చూడండి. టార్చిలను కొలిచే ప్రమాణం ‘ఏఎన్ఎస్ఐ ఎఫ్ఎల్1’ గుర్తు ఉంటే కొలిచిన పద్ధతి ఒకటి ఉందని అర్థం. ఆ పద్ధతిలో కూడా గంటలు లెక్కించేది వెలుగు మొదటి దాంట్లో పదో వంతుకు పడిపోయేదాకా. అలాగే ‘200 మీటర్లు’ అంటే అంత దూరంలో పడే వెలుగు పావు లక్సు (ఒక చోట పడే వెలుగుకు కొలత), దాదాపు నిండు పున్నమి వెన్నెలంత. అక్కడ మనిషి ఎవరో పోల్చుకోలేరు. పనికొచ్చే దూరం అందులో సగం కన్నా తక్కువే అనుకోండి.

4. వెలుగు పడే తీరు, రంగు చూడండి

గోడ మీద వేస్తే మధ్యలో గట్టి చుక్క, చుట్టూ పలచని పెద్ద వలయం కనబడేది ఇంటికి సరిపోతుంది. గుండుసూదంత చుక్క మాత్రమే వచ్చేది దూరానికి బాగుంటుంది కానీ కాళ్ల ముందు గుంత చూపించదు. జూమ్ టార్చిలు రెండూ చేస్తాయంటారు. చౌకవాటిలో జూమ్ చేస్తే గోడ మీద ఎల్ఈడీ చతురస్రం బొమ్మ పడుతుంది, చుట్టూ చీకటి. పైగా లాగే చోట నీళ్లు దూరతాయి. నాకు ఇవి నచ్చవు.

రంగు విషయంలో, చాలా టార్చిలు 6000 కెల్విన్ (వెలుగు రంగుకు కొలత) దాటిన నీలితెలుపు ఇస్తాయి. వానలో, పొగమంచులో ఆ వెలుగు తిరిగి కంట్లోకే కొడుతుంది. 4000 నుంచి 5000 మధ్యది కంటికి హాయి. సీఆర్ఐ (ఆ వెలుగులో రంగులు ఎంత సహజంగా కనబడతాయో చెప్పే అంకె, 100కి) 90 అని ఉంటే ఇంకా మంచిది. స్విచ్ బోర్డు విప్పి ఎర్ర తీగ, నల్ల తీగ చూసుకునేటప్పుడు తేడా తెలుస్తుంది. దీనికోసం రెట్టింపు డబ్బు మాత్రం పెట్టకండి.

5. స్విచ్ మీదే ఎక్కువ మంది విసుక్కుంటారు

ఒకసారి నొక్కితే ఎక్కువ, మళ్లీ నొక్కితే తక్కువ, మూడోసారి టపటపా మెరుపులు, నాలుగోసారి ఎస్ఓఎస్ (ఆపదలో ఉన్నామని చెప్పే మెరుపుల సంకేతం)... ఇలాంటిది అమ్మమ్మ చేతికిస్తే తిరిగి మీ చేతికే వస్తుంది. ఇంటి టార్చికి రెండు స్థాయిలు చాలు. నొక్కితే వెలగాలి, నొక్కితే ఆరాలి.

తోక దగ్గర క్లిక్కుమనే స్విచ్ ఉన్నవి సొరుగులో పెట్టినా బ్యాటరీ తినవు. ఒంటి పక్కన మెత్తని ఎలక్ట్రానిక్ బటన్ ఉన్న కొన్నిటిలో ఆపి ఉన్నా కొద్దికొద్దిగా కరెంటు పోతూ ఉంటుంది. అలాంటిది ఇప్పటికే ఉంటే, పక్కన పెట్టేటప్పుడు తోక మూతను పావు చుట్టు వదులు చేయండి. చాలా మోడళ్లలో సర్క్యూట్ తెగిపోతుంది, సంచిలో దానంతటది వెలిగిపోవడం కూడా ఉండదు.

6. నీళ్లు

‘వాటర్‌ప్రూఫ్’ అన్న మాటకు విలువ లేదు, ఐపీ అంకె (నీళ్లను ఎంతవరకు తట్టుకుంటుందో చెప్పేది) చూడండి. ఐపీఎక్స్4 అంటే నాలుగు వైపుల నుంచి చిమ్మే నీళ్లకు తట్టుకుంటుంది, వానలో వాడుకోవచ్చు. ఐపీఎక్స్7 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట. వరద వచ్చే లోతట్టు కాలనీల వాళ్లు 7 చూసుకోవాలి, మిగతావాళ్లకు 4 చాలు.

7. దుకాణంలో ఐదు నిమిషాల పరీక్ష

సెల్లు వేయించి వెలిగించండి. తర్వాత:

- వెలిగించి ఉంచి అరచేతి మీద మెల్లగా తట్టండి, ఊపండి. మిణికితే లోపల కాంటాక్టు వదులు.
- మూత విప్పి బిగించండి. మరలు గరగరమనకుండా తిరగాలి. రబ్బరు రింగు ఉందో లేదో చూడండి.
- తక్కువ వెలుగులో పెట్టి ఫోన్ కెమెరాలోంచి చూడండి. నల్ల చారలు కదులుతుంటే వెలుగు వేగంగా వెలిగి ఆరుతోందన్నమాట. ఎక్కువసేపు చదివితే కొందరికి తలనొప్పి.
- టైప్-సి ఉన్నదైతే ఛార్జర్ పెట్టి చూపించమనండి. చవక టార్చిలు కొన్ని రెండు వైపులా టైప్-సి ఉన్న కేబుల్‌తో ఛార్జ్ కావు. అవి పాడైనట్టు కాదు. పాత రకం పెద్ద యూఎస్‌బీ పోర్టున్న అడాప్టర్, దాని కేబుల్ వాడితే ఎక్కుతాయి.
- బిల్లు తీసుకోండి. వారంలో మార్చి ఇస్తారా అని అడిగి, ఆ మాట బిల్లు మీదే రాయించుకోండి.

ఆన్‌లైన్‌లో కొంటే ఈ పరీక్షలన్నీ ఇంటికొచ్చిన రోజే చేయాలి. వాపసు గడువు దాటాక చేసి లాభం లేదు.

8. ఇంటికొచ్చాక నిజంగా పరీక్షించండి

*పత్రిక పరీక్ష.* రాత్రి పెద్ద గది తలుపులు వేసి, టార్చిని తోక మీద నిలబెట్టి వెలుగు సీలింగ్‌కి కొట్టేలా పెట్టండి. గది మూల కూర్చుని పత్రికలో చిన్న అక్షరాలు చదవగలిగితే కరెంటు పోయినప్పుడు ఆ గదికి ఆ టార్చి చాలు. నిలబడకపోతే ఒక స్టీలు గ్లాసులో పెట్టండి.

*గంటల పరీక్ష.* కొత్త సెల్లు వేసి, లేదా పూర్తిగా ఛార్జ్ చేసి, సాయంత్రం వెలిగించండి. అరగంటకోసారి అదే చోట కూర్చుని చదవండి. చదవలేని స్థితి వచ్చిన సమయం కాగితం మీద రాయండి. మీ ఇంటికి పనికొచ్చే గంటలు అవే, పెట్టె మీదవి కావు. మొదటి ఐదు పది నిమిషాల్లో వెలుగు కొంత తగ్గితే కంగారు వద్దు. శక్తిమంతమైన టార్చిలు వేడెక్కకుండా వాటంతటవే తగ్గించుకుంటాయి. ముట్టుకోలేనంత వేడెక్కితే మాత్రం వాపసు ఇవ్వండి.

*కళ్లు మూసుకుని పరీక్ష.* ఇంట్లో అందరూ, పిల్లలతో సహా, చీకట్లో దాన్ని వెతికి వెలిగించగలగాలి. ఎవరి వల్ల కాకపోయినా, పెట్టిన చోటు తప్పో, టార్చి తప్పో అన్నమాట. పెట్టిన చోటుకు చిన్న రేడియం స్టిక్కర్ అంటించండి.

*నీళ్ల పరీక్ష.* ఐపీఎక్స్4 లేదా ఆ పైన ఉన్నవాటికే. మూత బిగించి, కుళాయి కింద సన్నటి ధారలో ఒక నిమిషం తిప్పండి. పైన తుడిచి, విప్పి, టిష్యూ పేపరు లోపలికి దూర్చి తీయండి. తడి తగిలితే వాపసు. ప్లగ్గు పిన్నులున్న టార్చికి ఈ పరీక్ష ఎప్పుడూ చేయకండి.

9. పెట్టే చోటు, చూసుకునే తీరు

ఏడాదికోసారి వాడే అత్యవసర టార్చిలో ఆల్కలైన్ సెల్లు వదిలేయకండి. సెల్లు విడిగా, టార్చికి రబ్బరు బ్యాండుతో కట్టి పెట్టండి. చీకట్లో సెల్లు వేయడం కష్టమనుకుంటే సెల్లు లోపలే ఉంచి, చివరి సెల్లుకీ స్ప్రింగుకీ మధ్య చిన్న ప్లాస్టిక్ ముక్క పెట్టండి. లాగితే వెలుగుతుంది. ఇలా చేసినా కారే ప్రమాదం పూర్తిగా పోదు కాబట్టి మూడు నెలలకోసారి విప్పి చూడాలి. నికెల్ సెల్లైతే ఈ బెడద చాలా తక్కువ.

లిథియం టార్చిని మూడు నెలలకోసారి కాస్త ఛార్జ్ చేయండి. నిండుగా నింపి ఏళ్లు వదిలేయడం, పూర్తిగా ఖాళీ చేసి వదిలేయడం, రెండూ దానికి చేటే. మే నెల ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు మీద అసలు పెట్టకండి. విడి సెల్లును తాళం చెవులు, చిల్లరతో కలిపి జేబులో వేయకండి, షార్ట్ అయి కాలుతుంది. బ్యాటరీ ఉబ్బినా, పై తొడుగు చిరిగినా ఛార్జ్ చేయకండి.

తరచూ జరిగే పొరపాట్లు

కొత్త సెల్లు ఒకటి, పాత సెల్లు ఒకటి కలిపి వేయడం. పాతది త్వరగా ఖాళీ అయి కారుతుంది. అన్నీ ఒకేసారి, ఒకే రకం మార్చండి.

వెలగకపోతే గోడకేసి కొట్టడం. ముందు మూత విప్పి స్ప్రింగు, సెల్లు చివరలు పొడి గుడ్డతో తుడవండి, మూత గట్టిగా బిగించండి. సగం టార్చిలు దీంతోనే బాగవుతాయి. ఆల్కలైన్ సెల్లు కారి తెల్లని పొడి పట్టి ఉంటే చేతికి గ్లోవ్స్ వేసుకుని, వెనిగర్‌లోనో నిమ్మరసంలోనో ముంచిన దూదిపుల్లతో తుడిచి, తడిగుడ్డతో మళ్లీ తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. ఆ పొడి కంట్లో పడకుండా చూసుకోండి.

పిల్లలు ఒకరి కళ్లలోకి ఒకరు కొట్టుకోవడం. 300 ల్యూమెన్ల టార్చి దగ్గరి నుంచి ఆడుకునే వస్తువు కాదు.

గ్యాస్ వాసన వస్తే టార్చి వెలిగించడం. ఇది అన్నిటికన్నా ప్రమాదం. కరెంటు స్విచ్ వేయకూడదని అందరికీ తెలుసు, టార్చి స్విచ్‌లోనూ నిప్పురవ్వ రావచ్చని చాలామందికి తట్టదు. చీకట్లోనే తలుపులు, కిటికీలు తెరిచి, రెగ్యులేటర్ ఆపి, బయటికి వచ్చి 1906కి ఫోన్ చేయండి. ఆ ఫోన్ కూడా బయటికొచ్చాకే.

టార్చి బదులు ఇంకేమైనా?

రెండు చేతులూ ఖాళీగా ఉండాల్సిన పనులకు, అంటే ఫ్యూజు మార్చడం, పాలు పితకడం, రాత్రి మోటారు స్టార్టర్ చూసుకోవడం లాంటివాటికి తలకు కట్టుకునే లైటు టార్చి కన్నా ఎంతో మేలు. సెల్లు, ల్యూమెన్ల లెక్కలు దానికీ ఇవే.

గదంతా వెలుగు కావాలంటే, హోల్డర్‌లో పెట్టి ఉంచితే కరెంటు పోగానే దానంతటదే వెలిగే ఇన్వర్టర్ బల్బు మంచిది. మూడు నాలుగు గంటల కోతకు సరిపోతుంది. రోజుల తరబడి కరెంటు పోతే అదీ ఆరిపోతుంది కాబట్టి టార్చి మానేయకండి.

చేత్తో తిప్పి ఛార్జ్ చేసే డైనమో టార్చిలు వినడానికి బాగుంటాయి. నిమిషం తిప్పితే వచ్చే వెలుగు కొద్దిసేపే, లోపలి చిన్న బ్యాటరీ ఒకట్రెండేళ్లకు పోతుంది. ఆ డబ్బుతో ఒక డబ్బా ఆల్కలైన్ సెల్లు కొనుక్కోండి.

అయిపోయిన సెల్లను పొయ్యిలోగానీ చెత్త మంటలోగానీ వేయకండి, పేలతాయి. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలను వెనక్కి సేకరించే బాధ్యత తయారీదారులదే. ఈ-వేస్ట్ తీసుకునే కేంద్రంలోగానీ, పాత బ్యాటరీల డబ్బా పెట్టిన ఎలక్ట్రానిక్స్ దుకాణంలోగానీ ఇవ్వండి. లిథియం సెల్లైతే రెండు కొసలకూ టేపు అంటించి మరీ ఇవ్వండి.